స్రవంతి చేతికొచ్చిన భుజం

మొదటే చెప్పేస్తున్నాను, నేను మంచివాణ్ణి కాను. ఎవడైనా ఎవరికైనా అన్యాయం చేశాడని తెలిస్తే వాడికి కాలో చెయ్యో విరగాలని కోరుకునే రకం. శత్రువుల్ని క్షమించమని పాస్టరు గారు ఆదివారం ఆదివారం చెప్తూనే ఉంటారు. నేను బుద్ధిగా తల ఊపుతాను, చర్చి మెట్లు దిగేసరికి మర్చిపోతాను. అలాంటివాడు స్రవంతి కథ చెప్తే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కానీ చెప్పడానికి నేను తప్ప ఎవరూ లేరు. ఆ బుధవారం కర్టెన్‌కి ఇవతల కూర్చుని మొత్తం విన్నది నేనొక్కణ్ణే.

నా పేరు దేవరాజు. కొత్తగూడ చౌరస్తాలో, ఫ్లైఓవర్ పక్కన, టిఫిన్ సెంటర్ మీద మొదటి అంతస్తులో మా లీదియా ఫిజియోథెరపీ క్లినిక్ నడుపుతోంది. లీదియా నా భార్య అక్క కూతురు. నరసరావుపేటలో నా ప్రింటింగ్ ప్రెస్ మూతపడ్డాక, ఇంట్లో కూర్చుని అందరి మీదా అరవడం ఎందుకు, నా దగ్గరికొచ్చి ఫోన్లెత్తండి బాబాయ్ అని నన్ను కూకట్‌పల్లిలో తన ఇంటికి తీసుకొచ్చింది. అప్పట్నుంచి ఫోన్లెత్తుతున్నాను, టైములిస్తున్నాను, లిఫ్టు లేదేంటని అడిగే మోకాళ్ళ నొప్పులవాళ్ళ చేత తిట్లు తింటున్నాను. మోకాళ్ళకి వైద్యం చేసే చోటుని ఇరవై రెండు మెట్ల పైన పెట్టింది లీదియా. ఆ తిట్లు మాత్రం నాకు.

మూడేళ్ళ కిందట స్రవంతి ఆ మెట్లెక్కి పేషెంటుగా వచ్చింది. ముప్పై ఏళ్ళ మనిషి, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కుడిచేతిని ఎడమచేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని, ఎవరైనా తగులుతారేమోనని గోడవారగా నడిచి వచ్చి కూర్చుంది. ఊరు ఘనపూర్ దగ్గర. ఇంటర్ బైపీసీ సగంలో ఉండగా పెళ్ళి చేశారట. భర్త మహేందర్ క్యాబ్ నడుపుతాడు. గోపన్‌పల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నారు.

లీదియా ఎప్పట్లాగే గోడమీది అస్థిపంజరం బొమ్మ చూపించి, షోల్డర్ అంటే బాల్ అండ్ సాకెట్ జాయింట్ అమ్మా అని మొదలుపెట్టింది. మా పేషెంట్లలో సగం మంది వాచ్‌మెన్లు, వంటమనుషులు, డ్రైవర్లు. వాళ్ళు ఈ ముక్క దగ్గరే కళ్ళు తేలేస్తారు. స్రవంతి మాత్రం బొమ్మకేసి చూసి, చిన్న గొంతుతో, "బంతి గిన్నె కీలు మేడం" అంది.

లీదియా ఆగిపోయింది. ఇంకా ఏమేం తెలుసని అడిగింది. ఆరో తరగతిలో చదివిన పాఠం మొత్తం ఆ పిల్ల అప్పజెప్పేసింది. మోచెయ్యి, మోకాలు మడత బందు కీళ్ళు. మెడలో ఉండేది బొంగరపు కీలు. మణికట్టులో ఉండేవి జారెడు కీళ్ళు. పుర్రెలో ఉండేవి కదలని కీళ్ళు. నర్సరీ నుంచి డిగ్రీ దాకా ఇంగ్లీషులో చదివిన మా పిల్లకి ఈ మాటల్లో ఒక్కటీ తెలియదు. ఆ రోజు మందుల చీటీ వెనక రాసుకుంది. నాకు భలే ముచ్చటేసింది, నా ప్రెస్సులో ఒకప్పుడు సైన్సు గైడ్లు అచ్చేసినవాణ్ణి కదా.

అసలు ఆ భుజానికి ఏమైందో మూడు నాలుగుసార్లు వచ్చాక గానీ చెప్పలేదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ చేసేది. ఆ బిల్డింగ్ పేరు నాకు తెలుసు, ఇక్కడ చెప్పను. కింద లాబీలో రెండు నిలువుల ఎత్తు అద్దాలు. వాటిని తుడవడానికి తాళ్ళు కట్టుకుని ఎక్కే మనుషులు వేరే ఉండాలి. అక్కడి ఫెసిలిటీ మేనేజర్ పార్థసారథి ఆ మనుషుల్ని మాన్పించి, ఆడవాళ్ళ చేతికి పొడవాటి పోల్ ఇచ్చి తుడిపించేవాడు. ఒకరోజు తడి పోల్ చేతిలో జారింది. కింద జనం నడుస్తున్నారని స్రవంతి వదల్లేదు, గట్టిగా పట్టుకుంది. పైకెత్తిన చెయ్యి పోల్ బరువుకి వెనక్కి పోయింది, భుజం ఊడి ముందుకొచ్చింది.

పార్థసారథి మూడడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు. భుజం గుండ్రం పోయి చదునుగా అయిపోవడం, చెయ్యి తనది కానట్టు వేలాడడం, అన్నీ చూశాడు. సెక్యూరిటీలో కబడ్డీ ఆడే కుర్రాడొకడు చెయ్యి పట్టి లాగితే టక్కుమని లోపలికి పోయింది. ఆమె స్పృహ తప్పింది. పార్థసారథి నీళ్ళు తాగించి, ఆటో ఎక్కించి, రెండు రోజులు రెస్ట్ తీసుకోమన్నాడు. అప్పటిదాకా పెద్దమనిషే.

మూడో రోజు దవాఖానలో ఎక్స్‌రే తీస్తే ఏమీ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? బంతి మళ్ళీ గిన్నెలో కూర్చుంది కదా. చినిగింది కీలు చుట్టూ ఉండే సంచి. అది ఎక్స్‌రేలో పడదు. పార్థసారథి కంప్లైంట్ యాప్‌లో చెప్పమన్నాడు. ఆ యాప్ వాళ్ళ కంపెనీకి పెద్ద గొప్ప, తెలుగులో మాట్లాడితే అదే ఇంగ్లీషులోకి మార్చి పంపుతుంది. స్రవంతి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "పోల్ జారి నా రెక్క దిగింది సార్" అని చెప్పింది. వాళ్ళ వైపు చేతిని రెక్క అంటారు. యాప్ ఏం చేసిందంటే రెక్కని వింగ్ అని రాసింది. ఆ బిల్డింగ్‌లో ఏ-వింగ్, బి-వింగ్ ఉన్నాయి. కంప్లైంట్ తిన్నగా మెయింటెనెన్స్ వాళ్ళకి పోయింది. వాళ్ళెవరో వెళ్ళి బి-వింగ్ గోడలు, సీలింగు చూసొచ్చి, వింగ్‌కి ఎలాంటి డ్యామేజీ లేదు అని రాసి మూసేశారు.

ఇది వినగానే నేను పకపకా నవ్వాను. స్రవంతి నవ్వలేదు, నన్నే చూస్తూ కూర్చుంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

వారం తర్వాత ఆమె వెళ్ళి, పోల్ పని చెయ్యలేను, నేల తుడిచే పని ఇవ్వమని అడిగింది. పార్థసారథి ఆ కంప్లైంటు తీసి చూపించాడు. నీ చెయ్యి గురించి ఎక్కడుంది, ఎక్స్‌రే కూడా క్లీన్‌గానే ఉంది కదా అన్నాడు. తెలుగు గడ్డ మీద పుట్టి రెక్క అంటే తెలియదా వాడికి? తెలుసు. నిజం ఒప్పుకుంటే ఆడవాళ్ళ చేతికి పోల్ ఎవరిచ్చారన్న ప్రశ్న వస్తుంది, అందుకని నోరు కుట్టేసుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ ఐటీ కారిడార్‌లో ఉన్న హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, దానికి ఇతనే అడ్మిన్. అందులో ఆమె ఫోటో పెట్టి, ఈమె యాక్టర్, పని ఎగ్గొట్టడానికి చెయ్యి పోయిందని నాటకమాడుతుంది, ఎవరూ పనికి తీసుకోవద్దు అని రాశాడు.

గచ్చిబౌలి నుంచి మాదాపూర్ దాకా ఏ గేటు దగ్గరికి వెళ్ళినా లోపలికి రానివ్వలేదు. అది ఒక ఎత్తు. పేరు పడిపోవడం ఇంకొక ఎత్తు. గోపన్‌పల్లిలో వాళ్ళు ఉండే గదుల వరసలో ఇంటికొకరు హౌస్‌కీపింగ్‌లోనే పనిచేస్తారు. ఆ ఫోటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. నల్లా దగ్గరికి పోతే యాక్టరమ్మ వచ్చింది జరగండే అని నవ్వేవాళ్ళట. బిందె ఎడమచేత్తో ఎత్తితే చూడు చూడు, షూటింగ్ జరుగుతోంది అనేవాళ్ళట. ఒకరోజు ఏదో మాటామాటా వచ్చి మహేందరే, నా ముందట గూడ యాక్టింగ్ చెయ్యకు అన్నాడట. ఈ మాట ఆమె నాకు ఒకే ఒక్కసారి చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. మొగుడి నోటి నుంచి వచ్చిన ఆ ముక్క భుజం కంటే ఎక్కువ నొప్పి పెట్టిందని నాకు అర్థమైంది.

ఏం చేస్తే నీ కడుపు చల్లబడుతుందని అడిగాను. "మాఫీ అడుగుడు అద్దు కాకా. నేను అబద్ధం ఆడలేదని ఆయన నోటితోని అదే గ్రూపుల చెప్పాలె. నవ్వినోళ్ళందరు ఇనాలె," అంది.

భుజం కుదుటపడ్డాక లీదియా ఆమెని మా దగ్గరే అసిస్టెంటుగా పెట్టేసుకుంది. ఆ తర్వాత క్లినిక్ తీరే మారిపోయింది. ఇంగ్లీషు బొమ్మ ముందు నీళ్ళు నమిలే మనుషులు స్రవంతి దగ్గర నోరు తెరుచుకుని వినేవాళ్ళు. తలుపు బందు చూసిన్రా, ఒక దిక్కే తెరుస్తది, మీ మోకాలు గూడ అంతే, పక్కకు తిప్పితే విరుగుతది అని వంటమనిషికి చెప్పేది. రుబ్బురోట్లో పొత్రం అన్ని వైపులా తిరిగినట్టు భుజం, తుంటి తిరుగుతాయని చెప్పేది. తుంటి దగ్గర గిన్నె లోతు, అందుకని గట్టిగా ఉంటుంది, తిరగడం తక్కువ. భుజం దగ్గర గిన్నె సాసరంత, అందుకని ఎటైనా తిరుగుతుంది, ఊడేదీ అదే. ఎక్కువ తిరిగే దానికి ఎక్కువ ఆపద అని చెప్పి తన భుజం మీద చెయ్యి వేసుకునేది.

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలు మెడ పట్టేసి వస్తే వాళ్ళకి వేరే పాఠం. అవునని తల ఊపితే పుర్రెకీ మొదటి మెడపూసకీ మధ్య కీలు పనిచేస్తుంది. కాదని తల తిప్పితే మొదటి పూస రెండో పూస మేకు చుట్టూ తిరుగుతుంది, విసుర్రాయి తిరిగినట్టు. మేనేజర్ ముందు అవును అవునని ఊపీ ఊపీ మీకు పై కీలు అరిగింది, రోజుకు పదిసార్లు కాదని తిప్పున్రి అనేది. వాళ్ళు నొప్పి మర్చిపోయి నవ్వేవాళ్ళు. వెన్నుపూసల మధ్యవి కొంచెమే కదిలేవి, బొటనవేలు మొదట్లో ఉండేది గుర్రం జీనులా కూర్చున్నది, ఫోన్ నొక్కీ నొక్కీ పాడుచేసుకునేది దాన్నే. ఇవన్నీ నేను రిసెప్షన్‌లో కూర్చుని విని విని నేర్చుకున్నవే. కీలు ఎంత తిరుగుతుందో కొలవడానికి రెండు చేతుల ప్లాస్టిక్ స్కేలు ఒకటి ఉంటుంది, దానికి ఇంగ్లీషులో నోరు తిరగని పేరు. స్రవంతి మొదటి రోజే కోణమానిని అంది. ఇప్పుడు లీదియా కూడా అదే అంటుంది.

ఈ సంవత్సరం ఎండాకాలంలో ఒక ఉదయం, చెమటలు కక్కుకుంటూ ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. యాభై దాటాయి, షుగర్ ఉంది, ఎడమ భుజం గట్టిపడిపోయింది, డాక్టరు చీటీ రాసి పంపాడు. పేరు అడిగాను. పార్థసారథి అన్నాడు. ఆ పేరుగలవాళ్ళు ఊళ్ళో వందమంది ఉంటారు కదా అని రాసుకున్నాను. తలెత్తి చూస్తే కర్టెన్ పక్కన స్రవంతి నిలబడిపోయి ఉంది. మొహానికి మాస్కు ఉంది, కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు చూడగానే నాకు తెలిసిపోయింది.

దేవుడున్నాడని అప్పుడు అనుకున్నాను. పోయింది ఎడమ భుజం. కుడిదైతే ఇంకా బాగుండేదని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

అతను ఆమెని గుర్తుపట్టలేదు. లీలగా కూడా గుర్తుపట్టలేదు. ఎంతవరకు వంచాలో లీదియా చూసి చెప్తుంది, కాపడం పెట్టి, అంతవరకు చేతిని తీసుకెళ్ళి, పట్టి ఉంచి, మెల్లగా దించడం స్రవంతి పని. గట్టిపడిన భుజానికి వైద్యం సుఖంగా ఉండదు. కీలు చుట్టూ సంచి బిగుసుకుపోయి ఉంటుంది, దాన్ని సాగదీయాలి. మొదటి రోజే అతను మంచం అంచు పట్టుకుని మూలిగాడు. మీ చెయ్యి బాగా ఒడుపుగా ఉందమ్మా అని మెచ్చుకుని వెళ్ళాడు.

అతను మెట్లు దిగగానే నేను లోపలికి పరిగెత్తాను. రేపు ఒక్క గుంజు గుంజు, వాడి అరుపు ఫ్లైఓవర్ మీద వినిపించాలి అన్నాను. స్రవంతి దుప్పటి మడతపెడుతూ, "అరిస్తే నాకేమొస్తది కాకా? ఆయన అరుపు నాకెందుకు," అంది. నాకు ఒళ్ళు మండింది. ఎనిమిది రోజులు అతను వచ్చాడు, ఎనిమిది రోజులూ లీదియా చెప్పిన చోటు దాటి ఒక్క డిగ్రీ వంచలేదు ఆ పిల్ల. నొప్పి ఎక్కడ మొదలవుతుందో అక్కడ ఆపేది. నిజం చెప్పాలంటే నాకు ఆమె మీదే కోపం వచ్చింది. ఇంత మంచితనమేంటి, మూడేళ్ళు కుమిలింది దీనికేనా అని లోపల్లోపల తిట్టుకున్నాను.

మంచితనం కాదని తొమ్మిదో రోజు తెలిసింది. ఆ బుధవారం పదకొండింటికి లీదియా కొండాపూర్‌లో ఒక పెద్దావిడకి ఇంటికెళ్ళి వైద్యం చేయడానికి వెళ్ళింది. పార్థసారథి చేతిలో ఒక ఫారం పట్టుకుని వచ్చాడు. కొత్త క్యాంపస్‌కి మొత్తం హెడ్‌గా వేస్తున్నారట. ఫైర్ డ్రిల్లు, నిచ్చెనలు, అన్నీ చూడాలి కాబట్టి రెండు చేతులూ పూర్తిగా లేస్తాయని ఫారం నింపి సోమవారానికి ఇవ్వాలి. కంపెనీ డాక్టరు తిరిగి చూడడు, ఇక్కడి కొలతలనే తీసుకుంటాడు. ఇవన్నీ స్రవంతికి చెప్పి, గొంతు తగ్గించి, "ఎలాంటి డ్యామేజీ లేదని రాస్తే చాలమ్మా. కొంచెం చూసి రాయి," అన్నాడు.

చూసి రాయమంటే ఏంటో మనందరికీ తెలుసు. చూడకుండా రాయమని. పరీక్ష పేపర్లు దిద్దేవాళ్ళకీ, కొలతలు తీసేవాళ్ళకీ మనం చెప్పే మాట అది.

కర్టెన్ అవతల మాస్కు తాడు టప్పుమని ఊడిన చప్పుడు వినిపించింది. నన్ను గుర్తుపట్టిన్రా సార్ అని ఆమె అడిగింది. లేదమ్మా అన్నాడతను, నిజంగానే. మూడేళ్ళు ఒక మనిషి జీవితంలో నిప్పులు పోసినవాడు, ఎనిమిది రోజులు ఆమె చేతుల్లో చెయ్యి పెట్టి పడుకున్నవాడు, మొహం చూసి కూడా లేదమ్మా అన్నాడు. నేను కుర్చీలోంచి లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

యాక్టర్ స్రవంతిని సార్ అని తనే చెప్పింది. లాబీలో పోల్ అని చెప్పింది. అతను అప్పుడు అన్న మాటలు అతనికే అప్పజెప్పింది, కీళ్ళ పాఠం అప్పజెప్పినట్టే, ఎక్కడా తడబడకుండా. పార్థసారథి నీళ్ళు అడిగాడు. ఆమె ఇచ్చింది. అప్పుడు పైనుంచి ఒత్తిడి ఉండిందమ్మా, నా చేతిలో ఏమీ లేదు అని నసిగాడు. గ్రూపుల ఫోటో పెట్టిన ఫోను ఎవరి చేతిల ఉంది సార్ అని అడిగింది.

ఆ గ్రూపు ఇంకా ఉంది, అతను ఇంకా అడ్మినే. అందులో ఇప్పుడే, తన గొంతుతో, జరిగింది చెప్పమని అడిగింది. అతను బేరానికి దిగాడు. గ్రూపులో వద్దు, నీకు వేరే కాగితం రాసిస్తానన్నాడు. పెద్ద చోట పని ఇప్పిస్తానన్నాడు. గ్రూపులనే సార్ అంది స్రవంతి. చివరికి అతనే, "అది పెడితే నాకు చూసి రాస్తావా?" అన్నాడు.

"చూసే రాస్త సార్," అంది స్రవంతి.

నాకు ఒక్క క్షణం తర్వాత వెలిగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అతను ఫోన్ తీశాడు. మొదటిసారి చెప్పినప్పుడు, స్రవంతి విషయంలో చిన్న పొరపాటు జరిగింది అన్నాడు. ఆమె తుడిపించేసింది. పొరపాటు కాదు సార్, అబద్ధం అంది. రెండోసారి గొంతు సవరించుకుని, అందరికీ నమస్తే, నేను పార్థసారథిని అని మొదలుపెట్టాడు. "మూడేళ్ళ కిందట మా బిల్డింగ్‌లో పని చేస్తుండగా స్రవంతికి భుజం ఊడింది. నేను పక్కనే ఉండి చూశాను. ఆమె నాటకం ఆడుతోందని నేను పెట్టింది అబద్ధం. ఆమె చెప్పిందే నిజం." పంపిన చప్పుడు నాకు ఇవతలికి వినిపించింది. ఎవరో ప్రెస్సులో నా పాత మెషీన్ మళ్ళీ తిప్పినంత సంబరమైంది నాకు.

తర్వాత ఆమె కోణమానిని తీసుకుని కొలవడం మొదలుపెట్టింది. మామూలుగా కొలిచినట్టే, ఒక్కో కదలికా చెప్పి, ఎత్తించి, గట్టిగా చదివి రాసింది. చెయ్యి పక్కకు ఎత్తితే డెబ్భై, నూట ఎనభై దాకా పోవాలి. ముందుకు ఎత్తితే తొంభై ఐదు. మోచెయ్యి పక్కకి ఆనించి బయటికి తిప్పితే పది. ఒక్కో అంకె వింటుంటే అతను మంచం మీద లేచి కూర్చున్నాడు. ఇదేంటి, చూసి రాస్తానన్నావు కదా అన్నాడు.

చూసే రాసిన సార్ అంది ఆమె.

అతను బయటికి వచ్చి నా బల్ల మీద గుద్దాడు. మోసం అన్నాడు, బ్లాక్‌మెయిల్ అన్నాడు, పోలీసులన్నాడు. పోలీసులకి ఏమని చెప్తారండి, అబద్ధం కొలత రాయమంటే రాయలేదని చెప్తారా అని అడిగాను. ఇంత హాయిగా నేను ఎవరితోనూ మాట్లాడి ఎరగను. అప్పుడే లీదియా మెట్లెక్కి వచ్చింది. ఆమె ఇద్దరి మాటా విని, అతన్ని మళ్ళీ పడుకోబెట్టి తన చేత్తో కొలిచింది. పక్కకు డెబ్భై రెండు వచ్చింది. డెబ్భై కొట్టేసి డెబ్భై రెండు రాసి, సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చింది.

అతను వెళ్ళాక మా ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి. నాకు పడడం మామూలే. స్రవంతిని మాత్రం లీదియా అంత కోపంగా అనడం నేనెప్పుడూ చూడలేదు. పేషెంటు మంచం ఎక్కాక అతను ఎవరైనా పేషెంటే, నీ సంగతీ అతని ఫారమూ ఒక చేత్తో పట్టుకున్నావు, ఆ ఫారం ఎలాగూ నిజంగానే నింపేవాళ్ళం కదా, అతన్ని నమ్మించి ఎందుకు చెప్పించావు అని నిలదీసింది. ఇంకొకసారి ఇలా జరిగితే ఉండనివ్వను అంది. స్రవంతి తల దించుకుని అంతా విని, తప్పయితే తప్పే మేడం, కానీ నాకు బాధ లేదు అంది. లీదియా చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది.

ఆ గొంతు సాయంత్రానికి కారిడార్ అంతా తిరిగింది. గోపన్‌పల్లి గదుల వరసలో ప్రతి ఫోనులోనూ మోగింది. మహేందర్ ఎయిర్‌పోర్టు నుంచి వస్తూ బండి పక్కకి ఆపుకుని రెండుసార్లు విన్నాడట. ఇంటికొచ్చి అన్నం పెట్టుకుని, తినకుండా, నేను అన్నది మర్చిపో అన్నాడట. ఎట్ల మర్చిపోత అని అడిగిందట ఈమె. పాపం వాడు కంచం ముందు అలాగే కూర్చున్నాడట. నల్లా దగ్గర నవ్వులు ఆగిపోయాయి. ఒకావిడ మాత్రం, గట్టిదానివే, ఆయనతోటి గూడ యాక్టింగ్ చేయించినవ్ అందట. అలాంటివాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు, వాళ్ళ నాలుక కీలు ఎవరూ కొలవలేరు.

కొత్త క్యాంపస్ పదవి ఇంకెవరికో పోయిందని సోమవారం సాయంత్రం తెలిసింది. నేను కింద టిఫిన్ సెంటర్‌లో మైసూర్ బజ్జీ తిని పండగ చేసుకున్నాను. ఇక పార్థసారథి ఈ మెట్లెక్కడని లీదియాతో పందెం వేశాను.

మంగళవారం పదకొండింటికి అతను వచ్చాడు. మూడు మెట్లకొకసారి ఆగుతూ, ఎడమచేతిని కుడిచేత్తో పొట్టకి ఆనించి పట్టుకుని వచ్చాడు. ఐదు రోజులు వైద్యం ఆగితే ఆ కీలు మళ్ళీ బిగుసుకుంటుంది, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేరు, చొక్కా తొడుక్కోలేరు. ఇంకో క్లినిక్ చూసుకున్నాడట, అక్కడ చెయ్యి పట్టుకోగానే ప్రాణం పోయిందట. నా మొహం చూడకుండా, మేడం ఉన్నారా, మేడమే చేస్తే బాగుంటుంది అన్నాడు. లీదియా స్రవంతిని పక్కకి పిలిచి, నేను చూసుకుంటానులే అంది. స్రవంతి వద్దని తల తిప్పింది.

నేను కుర్చీ కర్టెన్ దగ్గరికి జరుపుకున్నాను. ఈసారైనా ఆ అరుపు వినాలని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను, దాచడం ఎందుకు. కాపడం అయింది. మంచం కిర్రుమంది. మోచెయ్యి కింద ఒక చెయ్యి, మణికట్టు దగ్గర ఒక చెయ్యి పెట్టి ఆమె అతని చేతిని పైకి తీస్తోందని నాకు చూడకుండానే తెలుసు. నలభై, యాభై, అరవై. అతను ఊపిరి బిగబట్టాడు.

"నొప్పి ఎక్కడ మొదలైతదో చెప్పున్రి సార్. అక్కడనే ఆపుత," అంది స్రవంతి. "మీరు ఉందని చెప్తే చాలు. నేను నమ్ముత."

మంచం మళ్ళీ కిర్రుమంది. తర్వాత పార్థసారథి ఏడవడం వినిపించింది.